ముట్టుకోనివ్వని డెక్కలు: ఒక గుర్రం లాడాల డైరీ

మొదటి పరీక్ష

మగ గుర్రం, ఖస్సీ చేసినది. వయసు పన్నెండేళ్లు, బరువు టేపు లెక్కన 450 కిలోలు. ముందు కాళ్లకు లాడాలున్నాయి, వెనక కాళ్లకు లేవు. కంకర నేల మీద అడుగు కుదించి వేస్తోంది. ముందు కాలు ఎత్తి పట్టుకుంటే ఐదారు సెకన్లలో లాక్కుంటోంది, సుత్తి దెబ్బ పడితే వెనక్కి గుంజుకుంటోంది. ఐదు వారాలు నిలవాల్సిన లాడం మూడో వారానికే ఊడిపోతోంది. ఊడిన ప్రతిసారీ డెక్క పక్క గోడ (గట్టి బయటి పొర) పెచ్చు ఒకటి దాని వెంటే పోతోంది.

ఇలాంటి గుర్రానికి మొండిదన్న పేరు త్వరగా పడుతుంది. ఆ మాట అన్నాక ఇక ఎవరూ డెక్కను పరిశీలించరు. అందుకే ఏ స్థితిలో, ఏ పని చేస్తే ఓర్చుకోలేకపోతోందో ముందు విడదీసి చూశాం.

కాలు ఎంత ఎత్తులో పట్టుకుంటే లాక్కుంటోందన్నది మొదటి పరీక్ష. మోకాలు బాగా మడిచి పైకెత్తినా, నేలకు దగ్గరగా పట్టినా తేడా లేదు. పై ఎత్తులో మాత్రమే లాక్కుని ఉంటే కీళ్లను అనుమానించాల్సి వచ్చేది. రెండో పరీక్షను చాలామంది చేయరు. గుర్రం లాక్కునేది ఎత్తిన కాలినే అయినా, నొప్పి నేల మీద ఆనిన కాలిలో ఉండొచ్చు. ఒక ముందు కాలు ఎత్తగానే ఆ బరువులో ఎక్కువ భాగం రెండో ముందు కాలి మీద పడుతుంది. ఆనిన కాలి కింద రెండంగుళాల మందం ఫోమ్ ముక్క, దాని మీద రబ్బరు మ్యాట్ వేసి మళ్లీ ఎత్తాం. ఈసారి ఇరవై సెకన్లకు పైగా నిలబడింది. అంటే ఎడమ కాలు లాక్కుంటున్నది కుడి కాలి నొప్పి వల్ల, కుడి కాలు లాక్కుంటున్నది ఎడమ కాలి నొప్పి వల్ల.

హూఫ్ టెస్టర్ పటకారుతో నొక్కితే రెండు డెక్కల్లోనూ మొన (డెక్క ముందు కొస) వైపు సోల్ (డెక్క అడుగు భాగం) దగ్గర ఉలిక్కిపడింది. ఎక్స్‌రేకి రెండు ముందు కాళ్లనూ ఒకే ఎత్తు చెక్కదిమ్మల మీద నిలబెట్టాలి. డెక్క ముందు గోడకు సన్నటి తీగ అతికిస్తే గోడ అంచు ఫిల్ములో స్పష్టంగా కనబడుతుంది. డెక్క లోపలి ఎముక మొన కింద సోల్ మందం ఎడమ డెక్కలో 7 మి.మీ., కుడి డెక్కలో 8 మి.మీ. 15 మి.మీ. ఉంటే నిశ్చింత. 10 మి.మీ. లోపు ఉంటే పలచని సోల్ కిందే లెక్క. ఎముక అడుగు నేలకు దాదాపు సమాంతరంగా ఉంది. మడమ వైపు మూడు నుంచి ఐదు డిగ్రీలు లేచి ఉంటే బాగుంటుంది. ఇక్కడ మొన పొడుగ్గా ముందుకు సాగింది, మడమలు కుంగి ముందుకు వాలాయి. మొన పొడుగైన కొద్దీ అడుగు ఎత్తేటప్పుడు గోడను పీకే బలం పెరుగుతుంది, సోల్ సాగి పలచబడుతుంది.

సోల్ నొప్పి ఉన్న గుర్రంలో లామినైటిస్ (డెక్క గోడను ఎముకకు పట్టి ఉంచే పొరల వాపు) కాదని తేల్చుకోకుండా ముందుకు పోకూడదు. రక్తంలో ఇన్సులిన్ మామూలుగానే ఉంది. మెడ మీద గట్టి కొవ్వు లేదు. ఫెట్‌లాక్ (డెక్కకు పైనున్న కీలు) వెనక వేళ్లు ఆనించి చూస్తే డెక్క నాడి మెల్లగా, అందీ అందనట్టు తగిలింది. అలా ఉండటమే మంచిది. నాడి వేళ్లకు టంగుటంగుమని తగిలి, గుర్రం కాలు మార్చి కాలు ఆనిస్తుంటే ఆ పూట లాడం ఆలోచన మానేసి పశువైద్యుణ్ని పిలవాలి.

చివరిది నొప్పి మందుతో పరీక్ష. పశువైద్యుడి లెక్క ప్రకారం ఫినైల్‌బ్యూటజోన్ కొన్ని రోజులు ఇచ్చాం. కాలు పట్టుకోనిచ్చే సమయం పెరిగింది, సుత్తి చప్పుడుకు బెదరడం మాత్రం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. కాబట్టి సమస్యలు రెండు, సోల్ నొప్పి ఒకటి, సుత్తి భయం ఒకటి. వాటికి వైద్యం కూడా వేర్వేరుగానే చేయాలి. నొప్పి ఉండగా భయం పోగొట్టే శిక్షణ మొదలుపెడితే ప్రతి పాఠమూ భయాన్నే బలపరుస్తుంది. అందుకని వరుస ఇలా ఖాయమైంది: సోల్‌కు ఊరట, ఫ్రాగ్ (డెక్క అడుగున మధ్యలో ఉండే మెత్తటి త్రికోణ భాగం) శుభ్రం, నిలబడే శిక్షణ, ఆ తర్వాతే లాడం.

లాడాలు తీయడం, బూట్లు

ఇలాంటి డెక్క మీద పటకారుతో లాడాన్ని మొత్తంగా పెకలించకూడదు. పెకలించేటప్పుడు పటకారు సోల్‌నే ఆనుకుని తిరుగుతుంది, 7 మి.మీ. సోల్ ఆ ఒత్తిడి మోయలేదు. ముందు బయటికి వంచి ఉన్న మేకు మొనల్ని ఆకురాయితో పూర్తిగా అరగదీయాలి. తర్వాత మేకు పీకే సన్న పటకారుతో ఒక్కో మేకును తలపట్టి లాగాలి. మేకులన్నీ వచ్చేస్తే లాడం దానంతట అదే చేతిలోకి వస్తుంది. పావుగంట ఎక్కువ పడుతుంది, పడనివ్వాలి. వంచిన మొనల్ని వదిలేసి లాగితే అవి గోడను చీల్చుకుంటూ వస్తాయి. ఇంతకు ముందు పక్క గోడ పెచ్చులూడటానికి ఇదీ ఒక కారణమేనని పాత రంధ్రాల ఆకారం చెబుతోంది.

ట్రిమ్ చేసేటప్పుడు సోల్‌కు కత్తి తగలనివ్వలేదు. కొక్కెంతో గీరితే వాటంతట అవి రాలే పెచ్చులు తప్ప ఏమీ తీయలేదు. మొనను పై నుంచి, అంటే గోడ ముందు వైపు నుంచి, ఆకురాయితో వెనక్కి తెచ్చాం. కింద నుంచి కోస్తే సోల్ ఇంకా పలచబడుతుంది. మడమల్ని ఫ్రాగ్ వెడల్పైన చోటు దాకా వెనక్కి తీసుకురావాలనేది లక్ష్యం. ఒకే ట్రిమ్‌లో అంతా సాధించాలని చూస్తే గుర్రం కుంటుతుంది.

ఖాళీ కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయనివ్వకుండా, ట్రిమ్ అయిన చోటే 12 మి.మీ. ఫోమ్ ప్యాడ్ వేసిన బూట్లు తొడిగాం. బూటుకు కొలతలు ట్రిమ్ అయ్యాకే తీయాలి. వెడల్పు డెక్క అత్యంత వెడల్పుగా ఉన్న చోట, పొడవు మొన నుంచి మడమ గోడ చివర దాకా. మడమ ఉబ్బుల దాకా కొలిస్తే బూటు ఒక సైజు పెద్దదవుతుంది, మెలితిరిగి చర్మం ఒరుసుకుంటుంది. రోజుకు రెండు సార్లు విప్పి మడమ ఉబ్బులు చూడాలి. మెత్తటి పరుపు వేసిన సాలలో రాత్రంతా విప్పేసి ఆరనివ్వాలి. చెమట పట్టిన బూటులో ఫ్రాగ్ కుళ్ళు పెరగడానికి ఎంతో సేపు పట్టదు.

ఫ్రాగ్ లోపలి చీలిక

ఫ్రాగ్ మధ్య గాడిలోకి కొక్కెం మొన రెండు సెంటీమీటర్లు దిగింది. నల్లటి పదార్థం, ముక్కు మూసుకునే వాసన. ఆరోగ్యంగా ఉన్న ఫ్రాగ్‌లో ఆ చోట బొటనవేలు ఆనేంత లోతు లేని గుంట మాత్రమే ఉంటుంది. ఈ చీలికను చిన్నదని వదిలేస్తే మిగతా పనంతా వృథా. మడమ నొప్పి ఉన్న గుర్రం మడమ ఆనించదు, అడుగు మొన మీద పెడుతుంది. మొన మీద పెడితే పలచని సోల్‌కే దెబ్బ. మడమకు పని లేకపోతే అది కుంచించుకుపోతుంది, కుంచించుకుంటే చీలిక ఇంకా లోతవుతుంది.

రోజూ చేసే పని: నీళ్లతో బ్రష్ చేసి గుడ్డతో తుడిచి, గాజుగుడ్డ పీలికను గాడిలో ముందుకీ వెనక్కీ లాగుతాం. పీలిక తెల్లగా వచ్చే దాకా మార్చి మార్చి లాగాలి. తర్వాత పలచని పోవిడోన్ అయోడిన్‌లో తడిపి పిండిన దూది గాడి అడుగు దాకా పెట్టాలి. మరుసటి రోజు ఆ దూది తీశాకే కొత్తది. మందు పైన చల్లితే లాభం లేదు, ఈ సూక్ష్మక్రిములకు గాలి తగలని లోతే నివాసం. వారం తర్వాత వాసన పోయాక జింక్ ఆక్సైడ్ క్రీములో కొద్దిగా మైలుతుత్తం పొడి కలిపిన ముద్దకు మారాం. అది దూది కంటే ఎక్కువ సేపు నిలుస్తుంది.

ఫార్మలిన్, చిక్కటి బ్లీచ్, రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి వద్దు. అవి క్రిములతో పాటు కొత్త కణజాలాన్నీ చంపుతాయి. పైగా మండితే ఈ గుర్రం కాలు ఇవ్వడం మరింత మానేస్తుంది. సాలలో తడి పరుపు ఉన్నంత కాలం ఏ మందైనా సగం పనే చేస్తుంది.

మేత

ఇక్కడ చెప్పడానికి ఎక్కువ లేదు. 500 కిలోల గుర్రానికి రోజుకు దాదాపు 400 మి.గ్రా. జింకు, 100 మి.గ్రా. రాగి అందాలి. ఎండు గడ్డి ఒక్కటే తినే గుర్రానికి ఈ రెండూ తరచు చాలవు. వాటితో పాటు 20 మి.గ్రా. బయోటిన్ ఇస్తున్నాం. డెక్క గోడ నెలకు 6 నుంచి 10 మి.మీ. పెరుగుతుంది, మొన దగ్గర పై నుంచి నేల దాకా పూర్తిగా మారడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. బయోటిన్ పాత గోడను బాగుచేయదు, కొత్తగా దిగే గోడ నాణ్యతే మారుతుంది. రెండు మూడు రకాల డెక్క పొడులు కలిపి పెట్టడం ప్రమాదం. వాటన్నిటిలోనూ సెలీనియం ఉంటే మోతాదు మించిపోతుంది. సెలీనియం ఎక్కువైతే జూలు, తోక వెంట్రుకలు రాలడమే కాదు, డెక్క గోడే అడ్డంగా పగులుతుంది.

నిలబడే శిక్షణ: ఒకటి నుంచి ఆరో వారం

బూట్లు వేసుకున్న నాలుగైదు రోజులకే కంకర మీద అడుగు పొడవైంది. శిక్షణ మొదలుపెట్టింది ఆ తర్వాతే.

గుర్రం లాక్కునే లోపే కాలు దించాలనేది ఏకైక సూత్రం. ఐదు సెకన్లలో లాక్కునే గుర్రానికి మూడు సెకన్లతో మొదలు. కాలు సడలిన క్షణంలో దించుతాం, బిగిసిన క్షణంలో దించం. అది లాక్కున్నాక వదిలితే లాక్కోవడమే నేర్పినట్టవుతుంది. అలాగని లాక్కున్నప్పుడు వేలాడకూడదు. కాలితో పాటు కదిలి, సడలగానే దించాలి. దించడం అంటే నేల మీద ఆనించడం, జారవిడవడం కాదు. దించగానే గుప్పెడు దాణా. రోజుకు ఐదు నిమిషాలు చాలు, మనకు ఇంకా చేయాలనిపిస్తుండగానే ఆపేయాలి.

సుత్తి భయానికి మెట్లు: అరచేతితో తట్టడం, సుత్తి పిడితో తట్టడం, సుత్తి తలతో బూటు అడుగున మెల్లగా తట్టడం, పాత లాడాన్ని బూటుకు ఆనించి దాని మీద తట్టడం. బూటు వేసి ఉండగా తట్టడం ఈ పద్ధతిలో మంచి కిటుకు. చప్పుడూ అదురూ ఉంటాయి, సోల్‌కు నొప్పి ఉండదు. అదే సమయంలో మేత తినేటప్పుడు సాల బయట ఎవరో ఒకరు ఇనుప దిమ్మ మీద సుత్తితో కొడుతూ, వారం వారం దగ్గరికి వచ్చారు. ఒక మెట్టు దగ్గర చెవులు వెనక్కి పడితే, ముక్కుపుటాలు బిగిస్తే, ఆ రోజుకు కింది మెట్టుకు దిగాలి.

గుర్రం కదలకుండా పై పెదవికి ట్విచ్ (మెలితిప్పే తాడు ఉచ్చు) బిగించే అలవాటును ఈ గుర్రానికి దూరంగా ఉంచాం. కొన్ని నిమిషాలు మత్తుగా నిలబడినా ఆ తర్వాత గుండె వేగం పెరుగుతుంది, లాడం పనికి ఆ కొన్ని నిమిషాలు సరిపోవు. తప్పనిసరైతే పశువైద్యుడి చేత మత్తు ఇంజెక్షన్ మేలు. అయితే మత్తులో ఉన్న గుర్రం హెచ్చరిక లేకుండా తన్నగలదు. పూర్తిగా తేరుకునే దాకా మేత పెట్టకూడదు, గొంతులో అడ్డుపడుతుంది.

వెనక కాళ్లది వేరే చిక్కు. పక్కకు లాగితే సహించదు. కాలును పొట్ట కిందే, నేలకు ఒక అడుగు ఎత్తులో, దాని సహజ గీతలోనే ఉంచితే పేచీ లేదు. నడుము వంచి పని చేసే మనిషికి ఇది కష్టం. సర్దుకోవాల్సింది ఆ మనిషే.

ఆరో వారం: అతికించే లాడం

పాత మేకు రంధ్రాలు నేల నుంచి 20 మి.మీ. ఎత్తు దాకా ఉన్నాయి. నెలకు 8 మి.మీ. లెక్కన అవి పూర్తిగా దిగిపోవడానికి రెండున్నర నెలలు. ఆ లోపు కొత్త మేకులు కొడితే పాత రంధ్రాల పక్కనే దిగి గోడను మళ్లీ పగలగొడతాయి. అందుకే రెండు విడతల పాటు జిగురు.

జిగురు లాడానికి సుత్తి అవసరం లేదు కాబట్టి సున్నితమైన గుర్రానికి తేలికని అనుకుంటారు. నిజానికి ఇది ఎక్కువ ఓపిక అడుగుతుంది. మిథాక్రిలేట్ జిగురు గట్టిపడే ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు కాలు కదలకూడదు. మధ్యలో ఒక్కసారి మెలితిప్పితే పట్టు లోపల చీలుతుంది, ఆ లాడం వారంలో ఊడుతుంది. శిక్షణలో ఎనిమిది నిమిషాలు నిలబడ్డాకే ముహూర్తం పెట్టాం.

ముందు రోజు నుంచే డెక్కలు పొడిగా ఉంచాలి. గోడను గరుకు కాగితంతో గీరి, తీగ బ్రష్‌తో దుమ్ము తీసి, స్పిరిట్‌తో తుడిచాక చేయి తగలకూడదు. చేతి జిడ్డు చాలు పట్టు చెడగొట్టడానికి. వేడిగాలి యంత్రాన్ని దూరం నుంచి ఆడిస్తే లోపలి తేమ ఆరుతుంది. దాని చప్పుడుకు కూడా ముందే అలవాటు చేయాలి. సోల్ మీదకు జిగురు కారకుండా మెత్తటి పుట్టీ నింపాం. సోల్ మీద గట్టిపడిన జిగురు చెప్పులో ఇరుక్కున్న రాయి లాంటిది. ఈ జిగురు గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కూడా, మందంగా వేస్తే ఆ వేడి లోపలికి తగులుతుంది. ఫ్రాగ్ పూర్తిగా మానకుండా ప్యాడ్‌తో మూసేస్తే కుళ్ళు లోపలే పెరుగుతుంది కనుక ఫ్రాగ్ భాగం తెరిచే ఉంచాం.

తీసేటప్పుడు పెకలించకూడదు. నిప్పర్‌తో (డెక్క కోసే పటకారు) జిగురు అంచు కత్తిరించి, ఆకురాయితో అరగదీస్తే విడిపోతుంది.

పదహారో వారం: మేకుల లాడం

కొత్త ఎక్స్‌రేలో సోల్ రెండు డెక్కల్లోనూ 11 మి.మీ. ఫ్రాగ్ గాడి అడుగు కంటికి కనబడుతోంది. పాత రంధ్రాలు పోయాయి.

లాడం 22 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. మందం. లోపలి అంచు సోల్‌ను తాకకుండా పై ముఖాన్ని లోతుగా చెక్కారు. మొన గుండ్రంగా తిప్పినది. లాడానికీ డెక్కకూ మధ్య 4 మి.మీ. తోలు ప్యాడ్, దాని పైన సోల్ గుంటలో మెత్తటి సిలికాన్. సిలికాన్ మరీ ఎక్కువ నింపితే అదే సోల్‌ను నొక్కుతుంది. పొగకు బెదురుతుందని వేడి లాడం ఆనించలేదు. దూరంగా కాచి వంచి, చల్లార్చి, సరిపోయే దాకా నాలుగైదు సార్లు దిద్దారు.

మేకులు పక్కకు మూడు, మొత్తం ఆరు, అందుబాటులో ఉన్న అతి సన్న రకం. డెక్క అత్యంత వెడల్పైన చోటు దాటి వెనక్కి మేకు కొట్టకూడదు. అక్కడ కొడితే మడమ వ్యాకోచించలేదు. మేకు తల మీద గుర్తు ఉన్న వైపు లోపలికి ఉండాలి, అప్పుడే మొన ఏటవాలు దాన్ని బయటికి నెడుతుంది. మొదటి దెబ్బలు తేలికగా, మేకు దారి దొరికాక బలంగా. శబ్దం గట్టిగా కంగుమంటే గోడలో ఉన్నట్టు. మెత్తగా, మూసుకున్నట్టు వస్తే వెంటనే ఆపి తీయాలి. మొన నేల నుంచి 20 మి.మీ. దగ్గర బయటికి రావాలి. మొన బయటికి రాగానే తిప్పి తెంపేయాలి. ఆ క్షణంలో గుర్రం కాలు లాక్కుంటే ఆ మొన ఫారియర్ (లాడాలు కొట్టే మనిషి) తొడను చీల్చుతుంది. మొనలు వంచడానికి సుత్తి బదులు క్లెంచింగ్ పటకారు వాడారు, దానితో డెక్కకు అదురు ఉండదు. ఆనిన కాలి కింద ఫోమ్ మ్యాట్ మొత్తం పనిలోనూ ఉంది.

పదహారో వారం, మూడో రోజు

కుడి ముందు కాలు పొట్టిగా వేస్తోంది. డెక్క వెచ్చగా ఉంది, నాడి బలంగా తగులుతోంది. చిన్న సుత్తితో ఒక్కో మేకు మొన మీద తట్టి చూస్తే లోపలి వైపు మూడోది తట్టగానే కాలు విదిల్చింది. మేకు గోడ లోపలి మెత్తటి పొరను గుచ్చి ఉంటే కొట్టిన వెంటనే నొప్పి, రక్తం కనబడేవి. రెండు మూడు రోజుల తర్వాత బయటపడిందంటే మేకు ఆ పొరను ఆనుకుని నొక్కుతోందని అర్థం.

ఆ ఒక్క మేకు తీశారు. మేకు పొడిగా, వాసన లేకుండా వచ్చింది. తడిగా నల్లగా వచ్చి ఉంటే చీము పట్టినట్టు, అప్పుడు లాడం మొత్తం తీయాల్సి వచ్చేది. రంధ్రంలోకి పోవిడోన్ అయోడిన్ చిమ్మి, చిన్న దూదితో మూసి, ఆ చోటును ఖాళీగా వదిలేశారు. ధనుర్వాతం టీకా గడువు పశువైద్యుడు చూశాడు. మర్నాటికి నడక మామూలైంది.

కారణం లోపలి గోడ. అది బయటి గోడ కంటే పలచగా, నిటారుగా ఉంటుంది. ఈ లాడంలో రెండు పక్కలా రంధ్రాలు అంచు నుంచి ఒకే దూరంలో ఉన్నాయి. లోపలి పక్క అంచుకు మరింత దగ్గరగా ఉండాలి.

ఇరవయ్యో వారం

ఐదు మేకులతోనే లాడం నిలిచింది. ఈగల కాలంలో గుర్రం రోజంతా కాళ్లు కొట్టుకుంటే మేకులు వదులవుతాయి కాబట్టి సాలలో ఈగల తెర కట్టాం. కంకర మీద నడక నిలకడగా ఉంది. కాలు పట్టుకోనివ్వడం ముందు కాళ్లకు ఎనిమిది నుంచి పది నిమిషాలు, వెనక వాటికి రెండు.

విడత ఐదు వారాలు దాటనివ్వకూడదు. ఆ తర్వాత ఒక్కో వారం మొన పొడుగవుతూ, మడమ లాడం మీద అరుగుతూ కోణం మళ్లీ పాత స్థితికి జారుతుంది. ఫొటోలు ప్రతి విడత ముందూ తర్వాతా, కెమెరాను నేల మీద పెట్టి, డెక్క పక్కన స్కేలు ఉంచి, ఒకే దూరం నుంచి.

వచ్చే వారం పనులు: కొత్త లాడంలో లోపలి పక్క రంధ్రాలు అంచుకు దగ్గరగా గుద్దించడం, మూడో లోపలి మేకును ఒక రంధ్రం ముందుకు జరపడం, తోలు ప్యాడ్ తీసి ఫ్రాగ్ గాడిలో గాజుగుడ్డ లాగి చూడటం. ఎడమ డెక్క లోపలి మడమ కుడి దానికంటే 3 మి.మీ. తక్కువగా ఉంది, దాన్ని ఈసారి ఆకురాయి ముట్టకూడదు.